బెంగుళూరు చూడబోవువారికి ఒక అంగళ్ల వాసి మనవి

మా ఊరి పేరు అంగళ్లు. అంగడి అను మాటకు ఇది బహువచనము. మదనపల్లె నుండి కదిరికి పోవు దారిలోని ఈ గ్రామమునకు ఆ పేరు నేటికిని సార్థకమే. టమాటా కోతల కాలమున అక్కడి మార్కెట్టుకు చుట్టుప్రక్కల పల్లెల నుండి పెట్టెలు వచ్చుచుండును. వేలము ముగిసిన వెంటనే లారీలు దూర నగరములకు కదలుచుండును. నేను పుట్టి పెరిగినది అక్కడ. ముప్పది యేండ్లకు పైబడి కాపురమున్నది బెంగుళూరులో. ఈ రెండు ఊళ్లను ఎరిగినవాడనగుటచేత ఏటేట మా ప్రాంతపు ఉపాధ్యాయ మిత్రులు నన్నొక ప్రశ్న అడుగుచుందురు: "పిల్లలను విహారయాత్రకు తెచ్చుచున్నాము. ఒక్కనాటిలో బెంగుళూరున ఏమేమి చూపవలెను?"

ఇంతవరకు ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుచు వచ్చిన జవాబును అందరి కొరకు ఇక్కడ వ్రాయుచున్నాను. పుంగనూరు, కుప్పము ప్రాంతముల వారికిని ఇది పనికి వచ్చునని నా నమ్మకము.

మొదట నా అనుభవమొకటి చెప్పెదను. నేను ఎనిమిదవ తరగతి చదువునాడు మా బడివారు మమ్ములను బెంగుళూరికి తీసికొనిపోయిరి. ఒక్క పగటిలో పదకొండు స్థలములు చూపవలెనని సంకల్పము. బస్సు ఆగుట, దిగుట, లెక్కపెట్టుకొనుట, మరల ఎక్కుట - ఇదియే ఆనాటి మా పని. మూడవ స్థలమునకే పిల్లలు అలసిపోయిరి. ఏడవ స్థలమున సగముమంది బస్సు దిగనే లేదు. ఆ తొందరలో ఒకచోట నేను వెనుకబడితిని. ఏడ్పు ముంచుకొని వచ్చుచుండగా, బాటప్రక్కన పూలమ్ము ముసలమ్మ ఒకతె నా వాలకము చూచి, "ఏ ఊరు నాయనా మీది?" అని తెలుగున అడిగినది. అంగళ్లని చెప్పితిని. "అంగళ్లా! మదనపల్లె దావలో మా అక్కనిచ్చినారులే. ఏడవొద్దు, ఈడనే నిలబడు, మీ అయ్యవార్లు వెదుక్కుంటా వస్తారు" అని ధైర్యము చెప్పి, మల్లెపూల బుట్ట ప్రక్కన కూర్చుండబెట్టుకొనినది. అరగంటకు మా ఉపాధ్యాయులొకరు పరుగున వచ్చిరి.

ఆనాడు చూచిన పదకొండు స్థలములలో నాకిప్పుడు ఒక్కటియు స్పష్టముగా జ్ఞప్తి లేదు. ఆ పూలబుట్ట మాత్రము జ్ఞప్తి యున్నది. ఇంత పెద్ద నగరములో నా భాష తెలిసినవారు, నా ఊరి దారి ఎరిగినవారు ఉన్నారన్న సంగతి నేనక్కడ నేర్చుకొంటిని. కనుక నా మొదటి మనవి ఇది: పదకొండు చూపకుడు, మూడు చూపుడు. ఆ మూడింటిని కూడ వింతలుగా కాక, మన పొరుగువాని ఇంటిని చూచినట్లు చూపుడు.

ఇది చిన్న విషయము కాదు. మన తరగతి గదులలో కూర్చున్న పిల్లలలో ఎందరో నాలుగైదేండ్లలో చదువునకో, కొలువునకో, కూలికో ఆ నగరమునకే పోవువారు. మొదటిసారి దానిని నోరు తెరచుకొని చూచి వచ్చిన పిల్లవాడు తరువాత పోయినప్పుడును తల వంచుకొనియే పోవును. ప్రశ్నించి, చదివి, లెక్క వేసి వచ్చిన పిల్లవాడు తలయెత్తుకొని పోవును. ఈ తేడా ఒక్క పగటి యాత్రలో ఏర్పడగలదు. అది ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది.

యాత్రకు వారము ముందే పాఠమొకటి మొదలు పెట్టవలెను: కన్నడ లిపి. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. కొన్ని శతాబ్దముల క్రిందటనే వేరుపడినవి. మన తలకట్టు కొమ్మువలె పైకి లేచును. వారిది గీతవలె ప్రక్కకు సాగును. ఈ ఒక్క గుర్తు తెలిసినచో పిల్లలు సగము అక్షరములను తామే పోల్చుకొందురు. తరువాత మాటలు. మన పాలు వారికి హాలు, మన పులి హులి, మన పూవు హూవు, మన పల్లె హళ్ళి. ప్రాచీన కన్నడమున పకారముతో మొదలైన మాటలు కాలక్రమమున హకారము పొందినవి. ఈ సూత్రము చెప్పి, బెంగుళూరు వీథులలో ఇట్టి మాటలు ఎన్ని దొరకునో పిల్లలను పోగుచేయుమనుడు. వ్యాకరణ పాఠము ఇంత సంతోషముగా సాగిన దినము మరొకటి ఉండదు. దీనితోపాటు "నీరు ఎల్లిదె?", "ఇదు ఎష్టు?", "ధన్యవాదగళు" వంటి మాటలు పది నేర్పవలెను. బెంగుళూరున తెలుగు తెలిసినవారు చాలమంది ఉన్నమాట నిజమే. ఐనను ఒకరి ఇంటికి పోయినప్పుడు వారి భాషలో పలుకరించుట మర్యాద.

ఇక ప్రయాణము. మదనపల్లె నుండి చింతామణి, హొసకోట మీదుగా బెంగుళూరు సుమారు 120 కిలోమీటర్లు. పుంగనూరువారు పలమనేరు చేరి, ముళబాగిలు, కోలారుల మీదుగా పోవచ్చును. కుప్పము వారికి రైలు కలదు. జోలార్‌పేట నుండి బెంగుళూరు దండు వరకు 1864లో వేసిన దారి అది. చింతామణి దాటిన పిమ్మట కైవార క్షేత్రమునకు దారి చీలును. కైవార తాతయ్య అని జనులు పిలుచుకొను నారేయణ యోగి తెలుగునను, కన్నడమునను తత్త్వములు చెప్పిన మహనీయుడు. సరిహద్దు రాయి పటములో ఒకచోట ఉన్నను, భాషలకు అట్టి రాయి లేదని పిల్లలకు బస్సులోనే చెప్పవచ్చును.

తెల్లవారుజామున మూడు గంటలకే బయలుదేరుడు. నగరపు రద్దీలో బస్సును నడిపించుకొని తిరుగుటకంటె, తూర్పు అంచున ఉన్న కృష్ణరాజపురమున దానిని నిలిపి మెట్రో రైలెక్కుట మేలు. కుప్పము రైలు దిగువారికిని మెట్రో అక్కడనే అందును. ఊదారంగు మార్గమున మెజెస్టిక్కు చేరి, అక్కడ ఆకుపచ్చ మార్గమునకు మారినచో నేను చెప్పబోవు రెండు స్థలములకు తిన్నగా చేరవచ్చును.

మెజెస్టిక్కున పది నిమిషములు ఆగి పిల్లలకు ఒక సంగతి చెప్పవలెను. ఇప్పుడు బస్సులు బారులు తీరియున్న ఆ చోట పూర్వము ధర్మాంబుధి యను చెరువుండెను. 1537లో కెంపేగౌడ ఈ నగరమునకు పునాది వేసినాడని చరిత్ర. దగ్గరలో పెద్ద నది లేని మిట్టనేల ఇది. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తు. అట్టిచోట ఊరు నిలువవలెనన్న చెరువులే దిక్కు. కెంపేగౌడ వంశీయులు చెరువులు త్రవ్వించిరి. తరువాతి వారు ఒక్కొక్కటిగా పూడ్చిరి. సంపంగి చెరువు నేడు కంఠీరవ క్రీడాంగణము. చెరువుల నీరు చాలనప్పుడు హెసరఘట్ట నుండి, అదియు చాలనప్పుడు తిప్పగొండనహళ్ళి నుండి, 1974 మొదలు నూరు కిలోమీటర్ల దూరమున ఉన్న కావేరి నుండి నీటిని కొన్ని వందల మీటర్ల ఎత్తునకు తోడి తెచ్చుచున్నారు. 2024 వేసవిలో బోరుబావులు ఎండి ఈ మహానగరము దప్పిగొనినది. కృష్ణ నీటి కొరకు హంద్రీ-నీవా కాలువలవైపు ఏండ్ల తరబడి చూచిన మన ప్రాంతపు పిల్లలకు ఈ కథ వెంటనే తెలియును. మన ఊరి చెరువుకట్టపై ఎవరైన పునాది త్రవ్వుచున్నప్పుడు ఆ పిల్లలు ఊరకుండరు.

మొదటి స్థలము: కృష్ణరాజేంద్ర మార్కెట్టు. మెట్రో దిగి పైకి వచ్చినంతనే అది ఎదుట ఉండును. ఉదయము ఏడు గంటల లోపల చేరవలెను. బంతి, చేమంతి, కనకాంబరము గుట్టలుగా పోసిన ఆ పూలసంత చూడదగినది. ఇది విద్యుద్దీపముల చరిత్రలోను పేరుపొందిన చోటు. శివనసముద్రమున కావేరి జలపాతము వద్ద పుట్టిన విద్యుత్తు 1902లో కోలారు బంగారు గనులకు, 1905లో బెంగుళూరికి చేరినది. నగర వీథిలో తొలి విద్యుద్దీపములు వెలిగినది ఈ మార్కెట్టు పరిసరములలోనే. కుప్పము పిల్లలకు కోలారు గనులు పొరుగు సంగతియే. 2001లో ఆ గనులు మూతపడినవని వారికి పెద్దలు చెప్పియే యుందురు.

ఐతే నేను మార్కెట్టును మొదట పెట్టినది పూల కొరకు కాదు, టమాటాల కొరకు. యాత్రకు ముందునాడు అంగళ్లలోనో, మదనపల్లెలోనో మొదటి రకము టమాటా వేలములో ఏ ధర పలికినదో పిల్లలచేత వ్రాయించుడు. మరునాటి ఉదయమున ఈ మార్కెట్టులోను, ప్రక్కనున్న కలాసిపాళ్యములోను చిల్లర ధర అడిగించుడు. రెండింటి తేడా కట్టించుడు. ఆ తేడా అంతయు ఎవరో ఒకరి దురాశయని తొందరపడి తీర్పు చెప్పనీయకుడు. అందులో లారీ బాడుగ, హమాలీ కూలి, దళారీ కమీషను, దారిలో నలిగి కుళ్లిన పండ్లు, అంగడి అద్దె, అంగడివాని పూట గడుపుకొను రాబడి - ఇవన్నియు కలవు. ఒక్కొక్కటి ఎంత ఉండునో అమ్మువారినే అడుగవచ్చును. పని తొందర లేనివేళ వారు విసుగుకొనక చెప్పుదురు. 2023 జూలైలో టమాటా కిలో నూరు రూపాయలు దాటినప్పుడు దేశమంతయు మాట్లాడినది. అదే పండు ధర పడిపోయి రైతు రోడ్డుప్రక్కన పారబోసిన దినములను గూర్చి నగరమున ఎవరును మాట్లాడరు. ఆ దినములు మన పిల్లల ఇండ్లలో గడచినవి. తన తండ్రి పంట ఎక్కడికి పోవుచున్నదో, ఎంతకు అమ్ముడగుచున్నదో కన్నులార చూచిన పిల్లవాడు లెక్కల పుస్తకములోని లాభనష్టముల అధ్యాయమును ఇక మరువడు.

రెండవ స్థలము: లాల్‌బాగు. అదే ఆకుపచ్చ మార్గమున రెండు నిలయములు దాటిన చేరవచ్చును. 1760లో హైదరాలీ మొదలు పెట్టి, టిప్పు సుల్తాను పెంచిన తోట ఇది. నేడు సుమారు 240 ఎకరముల విస్తీర్ణము. లండనులోని స్ఫటిక సౌధము పోలికను తలపించు గాజుటిల్లునకు 1889లో పునాది పడినది. జనవరిలో గణతంత్ర దినము, ఆగస్టులో స్వాతంత్ర్య దినము సమీపించినప్పుడు ఇక్కడ పుష్పప్రదర్శనములు జరుగును. పిల్లలతో వచ్చువారు ఆ దినములను తప్పించుకొనుట మంచిది. పూలకంటె వీపులే ఎక్కువగా కనబడును.

లాల్‌బాగులో చెట్లకంటె ముందు చూడవలసినది రాయి. తోటలో ఒక ప్రక్క వెడల్పైన గుండురాతి గుట్ట యున్నది. దానిపై కెంపేగౌడ వంశీయులు నిలిపిన నాలుగు బురుజులలో ఒకటి కలదు. ఆ రాయి వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దానిని జాతీయ భూగర్భ స్మారకముగా ప్రకటించి అక్కడ ఫలకము నాటినారు. మన హార్సిలీ కొండలును, అంగళ్ల చుట్టుప్రక్కల గుట్టలును ఈ ద్వీపకల్పపు ప్రాచీన శిలాకుటుంబమునకు చెందినవే. ఒకమారు మా ఊరి పిల్లలను అక్కడికి వెంటబెట్టుకొని పోయినప్పుడు ఒక బాలుడు ఆ రాతిపై అరచేయి ఆనించి, "సార్, ఇది మా చేని గట్టున ఉండే రాయే గదా?" అని అడిగినాడు. ఔనంటిని. "దానికి బోర్డు పెట్టినారు, మా దానికి పెట్టలేదు" అని వాడు నవ్వినాడు. నేను నవ్వలేకపోయితిని. మన గుట్టలు కంకరగా మారి ఎక్కడెక్కడికో పోవుచున్నవి. విలువ తెలిసినచోట ఫలకము, తెలియనిచోట మందుగుండు! ఆ విలువ చెప్పుటకే బడి యున్నది.

ఆ గుట్టపై నిలిచి నలుదిక్కులు చూపుడు. నాలుగు బురుజులు దాటి ఊరు పెరుగరాదని పూర్వులు తలచిరని ఒక గాథ కలదు. 2011 జనాభా లెక్కల నాటికి నగర జనసంఖ్య 84 లక్షలు. బురుజులిప్పుడు నగరము నడుమనున్నవి. మధ్యాహ్న భోజనమునకు ముందు ఇక్కడ రెండు గంటలు గడపినను కాలము వృథా కాదు.

మూడవ స్థలమును పిల్లల అభిరుచిని బట్టి ఎంచుకొనుడు. విజ్ఞాన శాస్త్రమునందు ఆసక్తి గలవారైనచో కబ్బన్ పార్కు చెంతనున్న విశ్వేశ్వరయ్య పారిశ్రామిక సాంకేతిక సంగ్రహాలయము. దాని భవనమును 1962లో నెహ్రూ ప్రారంభించెను. 1965లో విద్యుత్తునకు సంబంధించిన మొదటి శాల ప్రజలకు తెరవబడినది. అక్కడి యంత్రములలో పెక్కింటిని పిల్లలు తామే త్రిప్పి చూడవచ్చును. ఏ పేరు పెట్టుకొన్నదో ఆ మహాశయుని కథ కూడ చెప్పవలెను. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు తెలుగునాటి మోక్షగుండము వారు. ఆయన పుట్టినది చిక్కబళ్లాపురము దగ్గరి ముద్దేనహళ్ళి. 1908లో మూసీనది హైదరాబాదును ముంచిన పిమ్మట వరద నివారణ పథకము రచించినది ఆయనయే. పల్లెలో పుట్టినవాడు నగరములను కాపాడగలడనుటకు వేరొక నిదర్శన మక్కరలేదు.

సాహిత్యమునందు ఆసక్తి గలవారైనచో బసవనగుడి. కెంపేగౌడ కాలము నాటిదని చెప్పు పెద్ద బసవన్న ఆలయమున ఏకశిలా నంది యున్నది. కార్తిక మాసపు చివరి సోమవారమున ఆలయము చుట్టును వేరుసెనగ పరిష జరుగును. వేరుసెనగ పండించు మన జిల్లాల పిల్లలకు ఇంతకంటె తగిన తిరునాళ్ల లేదు. సమీపమున గోఖలే ప్రజావిషయ సంస్థ కలదు. 1945లో దానిని స్థాపించిన డి.వి. గుండప్పగారు కన్నడమున 'మంకుతిమ్మన కగ్గ' వ్రాసిన మహాకవి. ఆయన పుట్టినది పుంగనూరునకు పొరుగున ఉన్న ముళబాగిలు. 1919లో రవీంద్రుడు మదనపల్లె కళాశాలలో ఉండి జనగణమన గీతమును ఆంగ్లమున అనువదించిన సంగతిని మనము గర్వముగా చెప్పుకొందుము. అట్లే మన పొరుగు ఊళ్ల పెద్దలనుగూడ ఎరిగియుండుట మనకు తగును.

"గాజు మేడలు, పెద్ద పెద్ద మాళ్లు చూపవద్దా?" అని కొందరు అడుగుదురు. మెట్రోలో పోవునప్పుడు అవి కిటికీలోనుండి కనబడును; అంతటితో చాలును. లోపల వస్తువులున్నవి, వాటిని కొనలేని పిల్లలకు చిన్నబుచ్చుకొనుట ఉన్నది. రేపు అందులో పనిచేయువారు మన పిల్లలే కావచ్చును. అప్పుడు తీరికగా చూచుకొందురు. అంతకంటె, భారత విజ్ఞాన సంస్థవారు ఏడాదికొక దినము తమ ప్రయోగశాలలను ప్రజలకు తెరచి చూపుదురు. తేదీ ముందుగా తెలిసికొని పెద్ద తరగతుల పిల్లలను ఆనాడు తీసికొనిపోయినచో ఆ ఒక్క యాత్ర ఎందరికో జీవితపు దారి చూపవచ్చును.

ఇక కొన్ని చిన్న మాటలు. పులిహోర, పెరుగన్నము ఇంటినుండి తెచ్చుకొనుడు. నీళ్ల సీసా ఒక్కొక్కరికి ఒక్కటి ఉండవలెను. మార్గశిరము, పుష్యములలో వచ్చువారు ఉన్ని బట్టలు మరువరాదు. మరుగుదొడ్లు ఎక్కడెక్కడ ఉన్నవో ముందుగా తెలిసికొనుడు. ఆడపిల్లలు అడుగలేక రోజంతయు నీళ్లు త్రాగక తిరుగుట నేను చూచితిని. ప్రతి పిల్లవాని జేబులో బడి పేరు, ఉపాధ్యాయుని ఫోను సంఖ్య వ్రాసిన కాగితముండవలెను. తప్పిపోయినచో వెదకుచు తిరుగక, ఉన్నచోటనే నిలువవలెనని బస్సెక్కకముందే చెప్పుడు. నాకు ఆనాడు ఆ సంగతి చెప్పినది పూలమ్మ; మీ పిల్లలకు మీరే చెప్పుడు. చీకటి పడకముందే తిరుగు ప్రయాణము కట్టుడు.

మరునాడు బడిలో వ్యాసము వ్రాయించుట వాడుక. "నేను చూచిన బెంగుళూరు" అని కాక, "బెంగుళూరికి మన ఊరితో ఏమి సంబంధము?" అని ప్రశ్న ఇచ్చి చూడుడు. చెరువును గూర్చి ఒకరు, రాయిని గూర్చి ఒకరు, టమాటా ధరను గూర్చి ఒకరు వ్రాయుదురు. గత సంవత్సరము అట్లు వ్రాసిన వ్యాసములను ఒక మిత్రుడు నాకు చూపెను. అందులో ఒక బాలిక ఇట్లు వ్రాసినది: తాను మార్కెట్టు వీథిలో కన్నడ పలకలు చదువుచు పోవుచుండగా ప్రతి రెండవ పలకమీదను 'అంగడి' అని యున్నదట, ఇన్ని అంగళ్లున్న ఊరు తన ఊరు కాక మరేమగునని ఆమె ప్రశ్న.

ఆ బాలిక రేపు ఆ నగరమునకు చదువుకొన పోయినచో ఎవరిముందును తల వంచదు.